చామంతి కాయితం

నేరేడువలసలో మొదటి చెయ్యి ఒక ముసలాయనది.

రాజకుమారి బల్ల మీద రబ్బరు పట్టీ, స్పిరిట్ దూది, సూదులు పెట్టుకుని, ఊదా మూత ట్యూబులు ఒక పక్కా ఎర్ర మూతవి ఒక పక్కా సర్దుకుని తలెత్తేసరికి ఆయన అప్పటికే ఎదర కూర్చుని ఉన్నాడు. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి ఉంది. చెయ్యి వెల్లకిలా తిప్పి బల్ల మీద పెట్టాడు. ఆమె పట్టీ బిగిస్తూ ఉండగానే, ఎవరూ చెప్పకుండానే, పిడికిలి బిగించాడు.

నరసన్నపేట ల్యాబులో ఎనిమిదేళ్ళుగా రోజుకు నలభై చేతులు చూస్తోంది రాజకుమారి. మొదటిసారి వచ్చినవాళ్ళు ఎలా ఉంటారో ఆమెకు తెలుసు. "నొప్పెడతాదేటమ్మా?" అంటారు. మొహం పక్కకి తిప్పుకుంటారు. ఈ ముసలాయన మొహం తిప్పుకోలేదు. పాలు పితికే మనిషిని గేదె చూసినట్టు సూదిని తాపీగా చూశాడు.

"ఇదివరకు ఎవరైనా తీసేరేటి తాతా?"

ముసలాయన పక్కనున్న గంగులు వైపు చూశాడు. గంగులు ఆ కొండల్లోని సవర మనిషే. నలభై ఏళ్ళుంటాయి, పదో తరగతి దాకా చదివాడు. సవర మాట తెలుగులోకీ, తెలుగు మాట సవరలోకీ చెప్పడానికి శిబిరం వాళ్ళు పెట్టుకున్నారు. గంగులు గిరిబాబు వైపు చూశాడు.

గిరిబాబు ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని నంబర్లు నొక్కుతున్నాడు. శిబిరం అతనిదే. విజయనగరం మనిషి, నున్నగా గీసిన గెడ్డం, ఎప్పుడూ తొందరపడని గొంతు. తల ఎత్తకుండానే అన్నాడు: "మలేరియావాళ్ళు తీస్తుంటారు మేడమ్. ఈ కొండల్లో మామూలే."

మలేరియాకి వేలి చివర పొడుస్తారు. మోచేతి మడతలో తియ్యరు. అది రాజకుమారికి తెలుసు, గిరిబాబుకీ తెలియకుండా ఉండదు. కానీ ముసలాయన వెనక అప్పటికే పదిహేనుమంది ఉన్నారు. ఆమె దూదితో చర్మం తుడిచింది. సూది దిగింది. ఆయన రెప్ప వెయ్యలేదు.

కొండల మీద ఉచిత వైద్య శిబిరం, మూడు రోజులు, నీ చెయ్యి తేలిక కాబట్టి నిన్నే పంపమన్నారు అని ల్యాబు యజమాని చెబితే వచ్చింది. పాలకొండలో లాడ్జి. పొద్దున్నే జీపు. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే దారి పొడవునా కొండచీపుర్లు కోసి ఆరబెట్టి ఉన్నాయి, మనుషులు మాత్రం కనపడలేదు. ఊళ్ళోకి వచ్చాక ఇళ్ళ మధ్య ఆడుకుంటున్న పిల్లలు జీపును చూసి దగ్గరకొచ్చారు. గంగులు జీపులోంచి తెల్లని ఐసు పెట్టె దించగానే వెనక్కి తిరిగి పరిగెత్తారు.

ప్రతి ట్యూబుకీ ఒక నల్లగీతల స్టిక్కర్, అంతే. తన ల్యాబులో రాజకుమారి ప్రతి ట్యూబు మీదా పేరూ వయసూ రాస్తుంది, రాశాక ఆ మనిషిని పిలిచి ఇంకోసారి అడుగుతుంది. ఒకరిది ఇంకొకరికి తగలకూడదని ఆమె భయం.

"పేర్లు రాయొద్దేటండీ?"

"వద్దు మేడమ్. పేరుంటే గొడవ. నంబరుంటే శుభ్రం."

తీసినవాళ్ళకి తలా ఒక సబ్బు, ఒక బిస్కెట్ పొట్లం. కాయితం మీద వేలిముద్ర. చివర్న వచ్చిన ఒకావిడ చెయ్యి ఇవ్వకుండా నిలబడిపోయింది. గిరిబాబు లేచి ఆమె దగ్గరకెళ్ళి చాలా మెత్తగా అన్నాడు: "ఇష్టం నేకపోతే మానెయ్యమ్మా. రేషను కార్డుల సంగతి మరి నాకు తెల్దు. పైవోళ్ళు అడిగితే మీ పేరు సెప్పాల్సి ఉంటాది." గంగులు ఆ మాట సవరలో చెప్పాడు. ఆమె వచ్చి కూర్చుంది. కూర్చుని, వచ్చీరాని తెలుగులో రాజకుమారినే అడిగింది:

"కాయితం ఎప్పుడొస్తాది?"

"పరీక్ష కాయితం నెల్రోజుల్లో ఇంటికొస్తాది," అన్నాడు గిరిబాబు వెనకనుంచి.

వెనక నిలబడ్డ ఆడవాళ్ళంతా నేలకేసి చూశారు.

రెండో రోజు జీలుగుగూడ. జీపు వెళ్ళే రోడ్డు అక్కడితో ఆఖరు. ఆ పైన కాలిబాటే. ఇళ్ళన్నీ ఒకే వరసలో, గోడకి గోడ ఆనుకుని ఉన్నాయి. చూరు కింద ఒక అమ్మాయి చీపుర్లు కడుతోంది. ఇరవై ఏళ్ళుంటాయి. పుల్లలు గుప్పెట పట్టి, తాడు చుట్టి, ముడి వెయ్యడానికి వేళ్ళు సాగక, తాడు కొస పళ్ళతో పట్టుకుని లాగుతోంది. ఆ వేళ్ళ కణుపులు ఉబ్బి ఉండటం రాజకుమారి దూరంనుంచే చూసింది.

ఆమె పేరు చామంతి. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది దాకా చదివింది, తెలుగు బాగా వచ్చు. ఎదరకొచ్చి కూర్చున్నాక కళ్ళు చూసింది రాజకుమారి. తెల్లగుడ్డు పసుపు నీళ్ళలో ముంచినట్టుంది. నరం దొరకలేదు. పట్టీ విప్పి, చామంతి చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దింది.

"కీళ్ళు నొప్పులా?"

"సిన్నప్పట్నుంచీ అక్కా. సలికాలమైతే మరీని. ఎముకలోపల ఎవులో కూకొని నమిల్తన్నట్టుంటాది."

"ఆసుపత్రికి ఎల్లలేదా?"

"ఎల్తే బిల్లలిస్తారు. తగ్గుతాది. మళ్ళీ వస్తాది. ఇదేటి జబ్బో ఎవులూ సెప్పలేదు."

అప్పుడే గిరిబాబు ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఆ ఊళ్ళో సిగ్నల్ రావాలంటే ఊరి చివర బండ ఎక్కాలి. అతను ట్యాబ్ రాజకుమారి చేతికిచ్చి, "కార్డు ముందర పెట్టండి, అదే సదువుకుంటాది. నంబరు నొక్కండి సాలు," అని వెళ్ళిపోయాడు.

చామంతి ఆధార్ కార్డు ముందు పెట్టింది. ట్యాబ్ చదువుకుంది. కొత్త పేజీ రావలసిన చోట, ఈ మనిషి నమూనా ఇదివరకే ఉందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. కింద తేదీ. రెండేళ్ళ కిందటి ఫిబ్రవరి. దాని కింద వరసగా పరీక్షలు, వాటి ఫలితాలు. రాజకుమారి రోజూ అచ్చు తీసి కవర్లలో పెట్టి జనానికిచ్చే లాంటివే. ఆమె వేలు ఆఖరి గడి దగ్గర ఆగిపోయింది. అక్కడ రెండే అక్షరాలున్నాయి. ఎస్, ఎస్.

సికిల్ సెల్. ఒక ఎస్ అమ్మ దగ్గర్నుంచి, ఇంకో ఎస్ నాన్న దగ్గర్నుంచి. రక్తకణాలు గుండ్రంగా ఉండకుండా కొడవలిలా వంగిపోయి సన్న నరాల్లో ఇరుక్కుంటాయి. ముందే తెలిస్తే మందులున్నాయి, జాగ్రత్తలున్నాయి. తెలియకపోతే ఒక చలిరాత్రో, ఒక జ్వరమో, ఒక కాన్పో మనిషిని తీసుకుపోతుంది. ఈ కొండల్లో ఆ జబ్బు ఉందని ఆమె చదువుకునేటప్పుడే విన్నది. ఆ రెండక్షరాలు ఒక మనిషి మొహం పక్కన పెట్టి చూడటం ఇదే మొదలు.

"ఏటక్కా, అలాగ సూస్తన్నావు?" అంది చామంతి.

"ఏటీ నేదు."

గిరిబాబు బండ దిగి వచ్చేదాకా ఆమె ట్యాబ్ ఆర్పలేదు. అతను రాగానే పక్కకి పిలిచి తెర చూపించింది.

"ఈ పిల్లకి సెప్పేరా?"

అతను తెర చూశాడు, ఆమెనూ చూశాడు. కోపం రాలేదు. ట్యాబ్ తీసుకుని చొక్కా అంచుతో తుడిచాడు. "మనం వైద్యం సేసేవోళ్ళం కాదు మేడమ్. సేకరించేవోళ్ళం. పై సంస్థ సెప్పమంటే సెప్తాం. ఇప్పుడు ఈ పిల్లకి సెప్పి ఏటి సేస్తారు? పెళ్ళి కావాల్సిన పిల్ల. లేనిపోని భయం పెట్టడమే కదా."

"మరి మళ్ళీ ఎందుకు తీస్తన్నారు?"

"రెండేళ్ళలో ఎలాగ ముదిరిందో సూడాల కదా."

అతను అది ఎంత మామూలుగా అన్నాడంటే, విన్న వెంటనే రాజకుమారికి అందులో తప్పేమిటో కూడా పట్టుబడలేదు. తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చుంది. చామంతి చెయ్యి వెచ్చబడింది. నరం తేలింది. సూది దింపింది. ట్యూబు నిండుతుంటే చామంతి దాన్నే చూస్తూ ఉంది.

"నీళ్ళు బాగా తాగు. సలికి తిరక్కు," అంది రాజకుమారి.

"ఈపాలైనా కాయితం వస్తాదా అక్కా?"

గిరిబాబు మళ్ళీ బండ దగ్గరకెళ్ళి నిలబడి ఇటే చూస్తున్నాడు.

"వస్తాది," అంది రాజకుమారి.

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. జీపు ఘాట్ దిగుతున్నంతసేపూ, కొండల నీడలు ఒకదానిమీదొకటి పడి రోడ్డు నల్లబడుతున్నంతసేపూ, ఆ మాట ఆమె నాలిక మీదే ఉంది. ఆ రాత్రే కొరియర్‌లో వెళ్ళాల్సిన పెట్టె కాళ్ళ దగ్గర ఉంది. మలుపు తిరిగినప్పుడల్లా లోపల ట్యూబులు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడయ్యేది.

మూడో రోజు జీపు జీలుగుగూడలోనే వదిలేసి నడిచారు. ఎగువ బొండిగూడకు గంట నడక. ముందు గంగులు భుజాన పెట్టె, వెనక గిరిబాబు, ఆ వెనక రాజకుమారి. జీలుగు చెట్లు దాటాక బాట సన్నబడింది. ఒక మలుపులో గంగులు ఆగిపోయాడు.

బాటకి అడ్డంగా కొమ్మలు కోసి పడేసి ఉన్నాయి. మనిషిని ఆపేటంత పెద్దవి కావు. పిల్లవాడైనా దాటెయ్యగలడు. కోసినచోట ఇంకా పచ్చిగా, తడిగా ఉంది.

"ఏటిది?" అన్నాడు గిరిబాబు.

"రావద్దని."

"మననా?"

గంగులు పెట్టె దించి, కొమ్మలు ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చాడు. విసిరెయ్యలేదు. "మనకి కాదు బాబూ. జబ్బుకి. ఏదైనా జబ్బు ఊళ్ళోకి రాకుండా ఇలాగ ఏస్తారు."

పైకి వెళ్ళేసరికి పొయ్యి పొగలు తప్ప ఊళ్ళో చప్పుడు లేదు. మనుషులందరూ ఉన్నారు. ఇళ్ళ ముందు వరసగా కూర్చుని ఉన్నారు, ఎదురుచూస్తున్నట్టు. మధ్య ఇంటి అరుగు మీద ఒక ముసలావిడ చుట్ట కాలుస్తోంది. సుంకి ఆమె పేరు, ఊళ్ళో ఆమె మాట చెల్లుతుందని గంగులు మెల్లగా చెప్పాడు.

తలుపు తెరిచి ఉంది. లోపలి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేసి ఉన్నాయి. వరసలు వరసలుగా మనుషులు, చెట్టు, సూర్యుడు, నెమలి. వాటి కింద నాలుగు చక్రాల బండి. బండి పక్కన ఒక మనిషి, చేతిలో పెట్టె.

రాజకుమారి చూస్తుండటం గంగులు గమనించాడు. "ఆవిడ కోడలు సచ్చిపోనాక ఏసేరు. సచ్చిపోనోలకి ఉండడానికో ఇల్లు కావాల కదమ్మా. ఆ గోడే ఇల్లు. ఆళ్ళు బతికుండగా ఏటి సూసేరో అవన్నీ ఏస్తారు."

"ఏటయ్యింది కోడలికి?"

"కీళ్ళ నొప్పులు. జొరం. పోయిన వర్షాల్లో."

గిరిబాబు బల్ల వేయించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. సగంలో సుంకి లేచి వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక కార్డు తీసి అతని ముందు పెట్టింది. కోడలిది. మనిషి పోయినా కార్డు దాచుకుంది.

"దీన్ది సూడు," అంది. సంతకు వెళ్ళి నేర్చుకున్న తెలుగు ఆమెది. "కాయితం రానేదు. సూడు."

గిరిబాబు కార్డు ముందు పెట్టాడు. స్టిక్కర్ అందించడానికి రాజకుమారి అతని వెనకే నిలబడి ఉంది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. తేదీ వచ్చింది. అతని బొటనవేలు వెంటనే తెరను పక్కకి తోసేసింది, కానీ ఆఖరి గడిలో అవే రెండక్షరాలు ఆమె చూసేసింది.

"ఇందులో నేదమ్మా," అన్నాడు. "ఆ వచ్చినోళ్ళు వేరే అయ్యుంటారు."

సుంకి అతని మొహం చూడలేదు. బొటనవేలు చూసింది. ఆ తర్వాత రాజకుమారి వైపు తిరిగి, ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. రాజకుమారి చూపు తిప్పుకోవాలనుకుంది. తిప్పుకోలేకపోయింది.

"ముందు నీది తియ్," అంది సుంకి.

"ఏటీ?"

"నీ రగతం. మా ఎదర తియ్. అప్పుడు మాది తీసుకో."

గిరిబాబు నవ్వాడు. "తీసెయ్యండి మేడమ్. ఒక్క ట్యూబుతో పనయిపోతాది."

రాజకుమారి కుర్చీలో ఇటు వచ్చి కూర్చుంది. ఎనిమిదేళ్ళలో బల్లకి ఇవతల కూర్చోవడం అదే మొదలు. ఒక చేత్తో పట్టీ కట్టుకోవడం రాలేదు. సుంకి రబ్బరు అందుకుని, ఎవరూ చూపించకుండానే, మోచేతికి నాలుగు వేళ్ళ పైన చుట్టి బిగించింది. సరిగ్గా ఎక్కడ కట్టాలో అక్కడే. ఎంత బిగించాలో అంతే. రాజకుమారి కుడిచేత్తో సూది పట్టుకుని ఎడమ నరంలోకి దింపింది. ట్యూబులోకి నల్లగా, చిక్కగా వచ్చింది. తనది కూడా అందరిలాగే ఉంది. ఊదా మూత.

గిరిబాబు స్టిక్కర్ అంటించి ట్యాబ్‌లో కొట్టుకున్నాడు. దూది నొక్కుకుంటూ ఆమె తెర చూసింది. కులం, సవర. ఆడ. ఇరవయ్యెనిమిది. ఎగువ బొండిగూడ.

"అదేటండీ అలాగ రాసేరు?"

"ఈ ఊరి లిస్టులో ఇంకోటి పడదు మేడమ్. పేరుండదు కదా, ఎవులు సూస్తారు?"

"అయితే నాది పారబొయ్యండి."

"నంబరు పడిపోయింది. ఎలాగ పారబోస్తాం?"

"దాన్ని ఏటి సేస్తారు?"

అతను మొదటిసారి కాస్త విసుగ్గా చూశాడు. "నాకేటి తెలుసు మేడమ్. పైకి పంపుతాం. మంచులో దాసుకుంటారు. ఎన్నేళ్ళయినా ఉంటాది. ఎప్పుడేటి కావాలంటే అప్పుడు తీసుకుంటారు. మీకేటి నష్టం?"

అప్పటికి సుంకి చెయ్యి చాచి కూర్చుంది. ఆమె తర్వాత కొడుకు. ఆ తర్వాత వరస కదిలింది. మాట అన్నారు కాబట్టి నిలబడ్డారు. ఇరవై ఇద్దరు. ఒక్కరూ కాయితం గురించి అడగలేదు. అడిగితే బాగుండునని రాజకుమారికి అనిపించింది.

పని అయ్యేసరికి పొద్దు పడమటికి వాలింది. కొరియర్ వాళ్ళకి ఫోన్ చెయ్యాలని గిరిబాబు ట్యాబ్ పట్టుకుని ముందు దిగిపోయాడు. "మీరు సర్దుకుని రండి మేడమ్. ఐసు కరిగిపోతాది, జాగు సెయ్యకండి."

బాట మలుపులో, పొద్దున్న తీసి పేర్చిన కొమ్మల దగ్గర, రాజకుమారి ఆగింది.

"ఓపాలి దించు గంగులూ."

మూత తీసింది. చలి పొగ మొహానికి తగిలింది. ఇరవై మూడు ఊదా మూతలు. ఒక్కొక్కటే పైకి తీసి తిప్పి చూసింది. గీతలు, అంకెలు. ల్యాబులో ట్యూబు చేతిలోకి తీసుకుంటే ఆమెకు మనిషి కనపడేవాడు, షుగరున్న అప్పలసూరి మాస్టారో, మూడో నెల నడుస్తున్న దాలమ్మో. వీటిలో తనదేదో తనకే తెలియలేదు. తనదొక్కటీ తీసుకుని మిగతావి పంపించేసే దారి లేదు. ఆ దారే ఉండి ఉంటే తనేం చేసేదో, ఆ తర్వాత ఆమె చాలాసార్లు ఆలోచించింది.

గంగులు రాయి మీద కూర్చున్నాడు. "పోయినపాలి నాదీ తీసేరమ్మా. మా ఆడదానిది తీసేరు. పిల్లలవి తీసేరు. కాయితం వస్తాదని అందరికీ సెప్పింది నానే. ఈపాలీ నానే సెప్పేను." తలపాగా గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "అడిగితే ఈ పని కూడా పోతాదని అడగనేదు."

కొండ కిందనుంచి గిరిబాబు కేక సన్నగా వినిపించింది. "మేడమ్!"

రాజకుమారి పెట్టె మూత వేసింది. ఒకవైపు తను పట్టుకుంది. గంగులు రెండోవైపు పట్టుకున్నాడు. ఇద్దరూ పైకి నడిచారు.

వాళ్ళు తిరిగి రావడం చూసి ఊళ్ళో ఎవరూ లేవలేదు. సుంకి అరుగు మీదే ఉంది. రాజకుమారి పెట్టె ఆమె ముందు పెట్టి నిలబడింది. ముప్పైమంది కొండ మనుషుల మధ్య తనొక్కతే ఉంది, చెప్పబోయేది విని వాళ్ళు ఏం చేసినా తప్పనడానికి లేదు.

"కాయితం రాదు," అంది. "మీ కోడలిది ఆ మిషన్లో ఉంది. ఏటి జబ్బో ఆళ్ళకి రెండేళ్ళ కిందటే తెలుసు. మందు లేని జబ్బు కాదు. మొన్నటిదాకా నాకు తెల్దు. నిన్నట్నుంచి తెలుసు. తెలిసే మీ సేతుల్లో సూది పెట్టేను."

గంగులు సవరలో చెప్పాడు. చుట్ట కొన మీద బూడిద పొడుగ్గా పేరుకుని ఉంది, సుంకి దులపలేదు. ఆమె కొడుకు లేచాడు. ఇంటి వెనక్కి వెళ్ళాడు. గునపం పట్టుకుని వచ్చాడు.

రాజకుమారి ఒక అడుగు వెనక్కి వేసింది. అతను ఆమెను దాటి వెళ్ళి, బొమ్మల గోడకి బయటివైపు, పునాది పక్కన నేల మీద గునపం దింపాడు. మన్ను గట్టిగా ఉంది. దెబ్బ దెబ్బకీ గూడెమంతా అదే చప్పుడు. మోకాలి లోతు గొయ్యి అయ్యాక పక్కకి తప్పుకున్నాడు.

ట్యూబులు తలా ఒకటి పంచింది రాజకుమారి. ఎవరిది ఎవరి చేతికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. మూత ఎలా తియ్యాలో చూపించింది. ఒక్కొక్కరే వచ్చి వంచారు. తన చేతిలో మిగిలినది ఆమె ఆఖర్న వంచింది. సుంకి పొయ్యి బూడిద తెచ్చి పైన చల్లింది, కొడుకు మన్ను కప్పాడు. ఖాళీ ట్యూబులూ మూతలూ వదిలేస్తే పిల్లల చేతుల్లో పడతాయని రాజకుమారి ఏరి పెట్టెలో వేసుకుంది. అన్నీ ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుంది.

దిగేటప్పుడు వెనక అడుగుల చప్పుడయితే తిరిగి చూసింది. సుంకి వస్తోంది. కొడుకు వస్తున్నాడు. వాళ్ళ వెనక బాట నిండా మనుషులు.

జీలుగుగూడ చేరేసరికి కొండ అంచున వెలుగు ఇంకా ఉంది. జీపు ఊరి మొదట్లో ఉంది. గిరిబాబు సీటులో కూర్చుని హారన్ కొట్టాడు. రాజకుమారి అటు వెళ్ళలేదు. నేరుగా చామంతి ఇంటికి వెళ్ళి, ఖాళీ ట్యూబుల పెట్టె పక్కన పెట్టి, చూరు కింద చీపుర్ల కట్టల మధ్య చతికిలబడింది. సంచిలోంచి నోటు పుస్తకం తీసి ఒక కాయితం చింపింది. సవర చామంతి అని రాసింది. వయసు అడిగి రాసింది. పేరు మళ్ళీ అడిగింది, అలవాటుకొద్దీ. దాని కింద జబ్బు పేరు తెలుగులో రాసింది, ఏ ఆసుపత్రిలో ఏ పరీక్ష అడగాలో రాసింది. కింద తన పేరూ ఫోన్ నంబరూ రాసి సంతకం పెట్టింది.

"ఇదీ నీ కాయితం."

చామంతి ఉబ్బిన వేళ్ళతో పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"నీకెప్పుడు తెలుసక్కా?"

"నిన్న."

"నిన్న వస్తాదన్నావు."

"అన్నాను."

చామంతి ఆమెను చూసింది. తిట్టలేదు. "ఆలకి ఎప్పుడు తెలుసు?"

"రెండేళ్ళ కిందట."

"నాదొక్కదేనా?"

"అందరివీ ఉన్నాయి. ఆయన సేతిలో."

చామంతి చూరు గుంజ పట్టుకుని మెల్లగా లేచింది. మోకాళ్ళు నిలిచేదాకా కాసేపు అలాగే ఉండి, కాయితం మడిచి జాకెట్లో పెట్టుకుని, జీపు వైపు నడిచింది. నడుస్తూ పక్కింటివాళ్ళతో సవరలో ఏదో అంది. ఆ ఇంటివాళ్ళు లేచారు. ఆ పక్క ఇంటివాళ్ళూ లేచారు. పైనుంచి వచ్చినవాళ్ళు అప్పటికే జీపు ముందు దారి నిండా నిలబడి ఉన్నారు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. గంగులు వాళ్ళలో ఉన్నాడు.

గిరిబాబు రాజకుమారిని చూసి, "పెట్టె ఏదండీ?" అన్నాడు. ఆమె వెనక వస్తున్నవాళ్ళను చూసి సీట్లో వెనక్కి జరిగాడు. తలుపు లాక్కున్నాడు. అద్దం పైకెక్కింది. లోపల ట్యాబ్ వెలుగు అతని గెడ్డం మీద నీలంగా పడింది.

ఎవరూ కేకలెయ్యలేదు. చామంతి అద్దం దగ్గరకెళ్ళి వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది. కొట్టినందుకు నొప్పి పుట్టి చెయ్యి ఒకసారి విదిలించుకుంది.

"మా కాయితాలు," అంది.